నాలుగో బిళ్ళ

ఆ కుర్చీకి మెత్త ఉంది. బొంగరానికి ఒళ్ళు మండేది ఆ మెత్తను చూసే. స్టోరు షెడ్డులో మిగతావన్నీ ఇనప స్టూళ్ళు, కాసేపు కూర్చుంటే నడుం పట్టేసే రకం. ఇదొక్కటే చేతులున్న కుర్చీ. నీలం మెత్త, వెనక్కి వాలడానికి మంచి వాలు. ఇంటికొచ్చిన చుట్టానికి వేసినట్టు కిటికీ పక్కన వేసిపెట్టారు. పొద్దున తనని జీపులో తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టి, సాయంత్రం మళ్ళీ అదే జీపులో ఇంటి దగ్గర దింపుతున్నారు.

కూర్చున్నాడనడం పూర్తిగా నిజం కాదు. ఒక కాలు మీద ఇంకో కాలు వేశాడు, తీశాడు. లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు, కుర్చీ చేతి మీద పెట్టాడు, ఎక్కడ పెట్టినా అది పరాయిదానిలాగే ఉంది. పుట్టినప్పటి నుంచి ఒకచోట కుదురుగా ఉండని మనిషి. గనిలో చేరిన మొదటి వారంలోనే గ్యాంగువాళ్ళు బొంగరమని పేరు పెట్టేశారు. ఇప్పుడు కట్టుకున్న భార్యకు కూడా కోపమొస్తే ఆ పేరే నోట్లోకి వస్తుంది.

స్టోరు చూసేది ఒక నడివయసావిడ. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని వచ్చినవాళ్ళకి చేతితొడుగులూ తాళ్ళూ బోల్టులూ ఇస్తుంటుంది. ఈయన అటూ ఇటూ తిరుగుతుంటే చూసి చూసి, నట్లూ బోల్టులూ కలిసిపోయిన డబ్బా ఒకటి తెచ్చి ముందు పెట్టింది. సైజుల వారీగా వేరు చెయ్యమంది. ఎడంచేత్తో మధ్యాహ్నం లోపే వేరు చేసేశాడు. ఇంకేమైనా ఉందా అనడిగితే లేదంది. కాసేపు కిటికీలోంచి చూశాడు. తర్వాత ఆవిడ అటు తిరిగినప్పుడు డబ్బా మొత్తం మళ్ళీ కలిపేసి, మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆవిడ చూడనట్టే ఊరుకుంది. చాలాసేపటికి తన పని చూసుకుంటూనే అంది.

"మీకు ముందు కూర్చున్నాయనకి పక్కటెముకలు. పాపం దగ్గు వచ్చినప్పుడల్లా మెత్త పట్టుకునేవాడు. ఆయనకు ముందు కాలు విరిగినాయన. ఆ కుర్చీ స్టోరుది కాదండీ, మీలాంటివాళ్ళ కోసమనే తెప్పించారు."

బొంగరం చటుక్కున లేచి నిలబడ్డాడు. ఎక్కడికీ వెళ్ళడానికి లేక మళ్ళీ కూర్చున్నాడు.

గని నోటి దగ్గర గేటు పక్కన పెద్ద బోర్డు ఉంది. ప్రమాదం లేకుండా గడిచిన రోజులు దాని మీద సుద్దతో రాస్తారు. ఆ అంకె ఏడాదికి చేరబోతోంది. చేరితే పైనుంచి పెద్దవాళ్ళొస్తారు, షీల్డు ఇస్తారు, పనివాళ్ళందరికీ తలా ఒక వస్తువు పంచుతారు. కిందటిసారి నీళ్ళ బకెట్లిచ్చారు, మూతలు పట్టలేదు. ఈసారి మిక్సీలని ఒకటే గుసగుస. దెబ్బ తగిలినవాడు ఒక్క షిఫ్టు ఇంట్లో ఉండిపోతే అది ప్రమాదం, అంకె తుడిచి సున్నా వెయ్యాలి. వాడే మర్నాడు పనికొచ్చి కూర్చుంటే మాత్రం అది ప్రమాదం కాదు, కాస్త గీసుకుపోయిందన్నమాట. సేఫ్టీ ఆఫీసరు ఇదంతా ఎంతో నెమ్మదిగా చెప్పాడు. చెడ్డవాడు కాదు. మాట్లాడేటప్పుడు భుజం మీద చెయ్యి వేస్తాడు.

"పని చెయ్యమనడం లేదయ్యా. కూర్చోమంటున్నాం, అంతే."

అంతే అనుకునే బొంగరమూ వచ్చాడు. పైగా దెబ్బ తనవల్లే తగిలిందని అందరూ అన్నారు, తనూ నమ్మాడు. వాళ్ళది సామాన్ల గ్యాంగు. గని కప్పుకు ఊతమిచ్చే ఇనప దూలాలు లారీల్లో వస్తాయి, వాటిని భుజాల మీద మోసి, కిందికి దిగే ట్రాలీల మీదకి ఎక్కించాలి. దూలం ముందు చెక్క దిమ్మల మీద ఆనుతుంది. పూర్తిగా కూర్చునే లోపల ఆ దిమ్మను లాగెయ్యాలి. లాగడానికి పొడుగాటి ఇనప కొక్కెం ఉంది. అది స్టోరులో గోడకు వేలాడుతూ ఉంటుంది, అడిగి తెచ్చుకునే ఓపిక ఎవరికీ లేదు. పైగా చేత్తో లాగడం ఆ గ్యాంగులో ఒక పరువు. దూలం దిగుతుండగా చెయ్యి పెట్టి, దిమ్మ తీసి, దూలం ఠంగుమనే లోపు వెనక్కి తీసుకోవాలి. అందులో బొంగరాన్ని మించినవాడు లేడు. ఎంతమంది చూస్తే అంత ఆలస్యంగా పెట్టేవాడు చెయ్యి.

ఆ రోజు దూలం ముందే దిగిపోయింది. మధ్యవేలూ, దాని పక్క వేలూ దిమ్మకూ ఇనుముకూ మధ్య నలిగాయి.

తొందరెక్కువ వాడికి అన్నారు. ఔను, ఎక్కువే. చిన్నప్పటి నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాడు.

సాయంత్రం డిస్పెన్సరీలో కట్టు విప్పినప్పుడు కాంపౌండరు పెదవి విరిచాడు. వేళ్ళు అరటికాయల్లా ఉబ్బాయి. కాంపౌండరు ముసలివాడు, మాటలో తీపి ఎప్పుడో అయిపోయింది.

"నిన్ను పడుకోమన్నానా లేదా? చెయ్యి దిండు మీద పెట్టుకుని, గుండె కన్నా ఎత్తులో ఉంచి పడుకోవాలి. ఇలా వేలాడేసుకుని షెడ్డు దుమ్ములో కూర్చుంటే ఏముంటుంది? లోపల ఎముక పొడైంది. పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు సరిచెయ్యాలి. ఆలస్యమైతే ఆ మధ్యవేలు తీసేస్తారు, రెండోదాని సంగతి నేను చెప్పలేను."

మరి పంపించరాదా అని అడిగాడు బొంగరం. కాంపౌండరు కొత్త గుడ్డ చుడుతూ, పెద్దాసుపత్రికి పంపితే అది ప్రమాదమవుతుందనీ, ప్రమాదం ఏమీ జరగలేదని తనకు చెప్పారనీ అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు బొంగరం మొహంలోకి చూడలేదు.

ఇంటికొచ్చేసరికి భార్య కుట్టుమిషను ముందు ఉంది. చొక్కా గుండీలు ఆవిడే విప్పింది. చేతికి ప్లాస్టిక్ సంచి కట్టి, స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్ళు పోసింది. ముద్దలు కలిపి పెడితే తినడానికి సిగ్గుపడి ఎడంచేత్తో చెంచా పట్టుకున్నాడు. సగం ఒళ్ళో పడింది. ఆవిడ నవ్వలేదు. వేళ్ళ గురించి కాంపౌండరు ఏమన్నాడో చెప్పించుకుంది. తర్వాత మిషను దగ్గరికి వెళ్ళి ఒక కుట్టు వేసింది, తప్పుపోయింది, విప్పింది.

బావ వచ్చాడు అప్పుడే. బావంటే ఆవిడకు సొంత అన్న, గ్యాంగుకు మేస్త్రి. బొంగరాన్ని పనిలో పెట్టించిందీ, ఈ ఇంటికి అల్లుణ్ణి చేసిందీ ఆయనే. గుమ్మంలోనే చెప్పులు విప్పి, కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. పని జరిగేచోట మేస్త్రి కూర్చుంటే మనుషులు పడుకుంటారని ఆయన నమ్మకం.

ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టమన్నాడు. అంకె పూర్తయిపోతే ఆఫీసరే దగ్గరుండి పెద్దాసుపత్రికి పంపుతానన్నాడట. గ్యాంగులో దెబ్బ రాస్తే మేస్త్రి పేరే ముందు పడుతుంది. మిక్సీల కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్న అన్ని ఇళ్ళూ ఈ ఇంటి వైపే వేలు చూపిస్తాయి. అన్నీ నిజాలే.

"అన్నయ్యా, ఆయన వేళ్ళకి మిక్సీలు మొలుస్తాయా?" అంది ఆవిడ.

మేస్త్రి చెల్లెలి మిషను మీదున్న గుడ్డ సర్ది వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు కుడి భుజం ఒక్కటే పైకెత్తి నడుస్తున్నాడని బొంగరం గమనించాడు. అడగాలనుకున్నాడు. అప్పటికే గుమ్మం దాటేశాడు.

మర్నాడు పొద్దున జీపు హారను కొట్టింది. బొంగరం గేటు దగ్గర దిగి, జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి హాజరు బోర్డు మీద తమ గ్యాంగు వరసలో కొక్కేనికి తగిలించాడు. గని మనిషికి ఆ బిళ్ళే హాజరు. లోపలికి పోయేటప్పుడు తగిలించాలి, బయటికొచ్చేటప్పుడు తీసుకోవాలి. నాలుగు కొక్కేలు, నాలుగు బిళ్ళలు. అది కూడా ఎడంచేత్తో తగిలించడం నేర్చుకున్నాడు. గేటు బయట బదిలీ మనిషి ఉన్నాడు. ఎవరైనా రాకపోతే ఆ చోట్లోకి పిలుస్తారని రోజూ వచ్చి నిలబడేవాడు. బోర్డు వైపు ఒకసారి చూసి, చేతిలో భోజనం డబ్బా ఊపుకుంటూ ఇంటిదారి పట్టాడు.

బొంగరం కుర్చీలో కూర్చున్నాడు. డబ్బాలో బోల్టులు కలిపాడు.

ఎండ ముదురుతున్న వేళకి దూలాల లారీ వచ్చింది. కిటికీ అవతలే యార్డు. ఆ చప్పుడుకి బొంగరం కాళ్ళు ముందు లేచాయి, ఆ తర్వాత మనిషి లేచాడు. ముందువైపు గ్యాంగులో మిగతా ఇద్దరు, నసగాడూ పొడుగోడూ, భుజాల మీద గుడ్డ మడతలు వేసుకుంటున్నారు. నసగాడు ఎప్పట్లాగే ఏదో సణుగుతున్నాడు, వాడి పెదవులు కదలకపోతే ఆ రోజు తెల్లవారనట్టు లెక్క. వెనకవైపు మేస్త్రి ఉన్నాడు. ఒక్కడే.

వెనకవైపు ఇద్దరుండాలి. బొంగరం కిటికీ ఊచలు పట్టుకుని చూశాడు. రెండోవాడు వస్తాడేమో అనుకున్నాడు. ఎవరూ రాలేదు. మేస్త్రి కుడి భుజం కదిపి చూసుకుని, ఎడమ భుజానికి గుడ్డ మార్చుకుని, హైలెస్సా అన్నాడు. దూలం లేచింది. బరువంతా వెనక్కి జారి ఆయన మీద కూర్చుంది. అడుగు తీసి అడుగు వెయ్యడానికి మెడ నరాలు తాళ్ళలా పైకి తేలుతున్నాయి.

అలా మూడు దూలాలు మోశారు. బొంగరం ఊచలు వదల్లేదు. స్టోరు ఆవిడ కూర్చోండి కూర్చోండి అని రెండుసార్లు అంది. నాలుగోది లేచినప్పుడు మేస్త్రి మోకాలు మడత పడింది.

బొంగరం కుర్చీ తన్నుకుంటూ పరుగెత్తాడు. ఆలోచించలేదు, ఆలోచించే మనిషైతే ఆ పేరు వచ్చేది కాదు. దూలం తోక కిందికి దూరి భుజం ఆనించాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఇన్నేళ్ళ అలవాటు ఒకటుందిగా, భుజానికి బరువు తగలగానే కుడిచెయ్యి దానంతటదే పైకి లేచి దూలాన్ని పట్టుకుంది.

కళ్ళు చీకట్లు కమ్మాయి. దూలం అడ్డంగా దొర్లి నేల మీద పడింది. నసగాడి కాలి ముందు మట్టి ఎగిరింది. వాడు తన పాదాల వైపు చూసుకుని, మళ్ళీ చూసుకుని, మొదటిసారి ఏమీ సణగకుండా నేల మీద చతికిలబడ్డాడు.

మేస్త్రి లేచి గేటు గదిలోని టైంకీపరు దగ్గరికి వెళ్ళాడు. బొంగరం కట్టు మీద ఎర్రగా పాకుతున్న తడిని అరచేత్తో నొక్కుకుంటూ వెనకే వెళ్ళాడు. ఒక్క బదిలీ మనిషిని ఇప్పించమని మేస్త్రి అడిగాడు. ఇది ఈ రోజు మాట కాదనీ, రోజూ అడుగుతున్నాననీ అన్నాడు. అంటే బావ రోజూ అడుగుతున్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేదు.

టైంకీపరు తప్పేమీ లేని మొహంతో బోర్డు చూపించాడు.

"నాలుగు బిళ్ళలున్నాయి మేస్త్రీ. ఐదో మనిషిని ఎలా ఇవ్వను? నీ నాలుగోవాడేడి?"

మేస్త్రి అక్కడే ఉన్న సేఫ్టీ ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు చేతి గడియారం చూసుకున్నాడు. బోర్డు మీద బొంగరం బిళ్ళ ఎండకు తళతళలాడుతోంది.

అప్పుడు తెలిసింది బొంగరానికి. వేళ్ళు నలిగిన రోజు తమ గ్యాంగు వరసలో నాలుగు బిళ్ళలున్నాయి. పొడుగోణ్ణి మాత్రం గెస్టుహౌసులో మంచాలు సర్దమని పంపించారు. ముగ్గురే ఎత్తారు. ఒకవైపు ఒక్కడే మోయడం వల్ల దూలం ముందే దిగింది. ఇన్నాళ్ళూ తన తొందరే కారణమనుకున్నాడు. తొందర తొందరే, కాదనడు. కానీ నాలుగోవాడుంటే ఆ తొందరకి కూడా చోటుండేది. ఆ రోజు పొడుగోణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు, హాయిగా మంచాలు జరుపుకుంటూ నీడపట్టున ఉన్నావని. ఈ రోజు మెత్త మీద కూర్చుని తను చేసింది అంతకన్నా గొప్పదేం కాదు. గ్యాంగు కోసమే కదా అని ఒళ్ళు బిగబట్టుకుని కూర్చుంటున్నాడు. ఆ కూర్చోవడమే గ్యాంగులోంచి ఒక మనిషిని తీసేసింది. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి.

సాయంత్రం కాంపౌండరు కట్టు విప్పి ఏమీ తిట్టలేదు. దానికే భయమేసింది.

తెల్లారింది. బొంగరం రోజూ అందరికన్నా ముందు లేచి, లేచినట్టు ఇల్లంతటికీ తెలిసేలా తిరిగేవాడు. ఆ రోజు లేవలేదు. భార్య రెండు దిండ్లు ఒకదానిమీద ఒకటి పెట్టింది, చెయ్యి వాటి మీద పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. దుప్పటి కింద పాదాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి. ముళ్ళ మీద పడుకున్నట్టుంది ఆయనకి. కప్పు మీది మరకలన్నీ చూసేశాడు. కట్టు లోపల వేళ్ళు గుండెతో పాటు కొట్టుకుంటున్నాయి.

జీపు హారను వినిపించింది. మళ్ళీ వినిపించింది. భార్య మిషను ఆపలేదు. అంతకుముందు కన్నా గట్టిగా తొక్కింది.

కాసేపటికి మేస్త్రి లోపలికి వచ్చాడు. మంచం మీది మనిషిని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆయన ఎడమ భుజం కూడా పట్టేసింది, చెయ్యి గుండె దాకా కూడా లేవడం లేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆఫీసరు కూర్చోనక్కర్లేదన్నాడు," అన్నాడు మెల్లగా. "పడుకో. నీ బిళ్ళ నాకివ్వు చాలు. నేను తగిలించేస్తాను."

మిషను ఆగింది.

ఎంత మంచి మాట. ఇంట్లో పడుకోవచ్చు, చెయ్యి ఎత్తులో పెట్టుకోవచ్చు, అంకె అంకెలాగే ఉంటుంది, ఎవరూ వేలు చూపించరు. బిళ్ళ తలగడ కిందే ఉంది. బొంగరం ఎడంచెయ్యి అటు కదిలి ఆగింది.

"ఇస్తే మీరు ముగ్గురే ఎత్తాలి బావా."

మేస్త్రి ఎడమ భుజం తడుముకున్నాడు.

"నిన్న నసగాడి కాలు కొద్దిలో తప్పింది. ఇవాళ నీ నడుమో, వాడి కాలో. తర్వాత ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు. నేను ఇవ్వను."

"బోర్డు తుడిచేస్తారు. బస్తీ అంతా నిన్నే అంటుంది."

"అననీ."

జీపు డ్రైవరు మళ్ళీ హారను కొట్టాడు. మేస్త్రి చెల్లెలి వైపు చూశాడు. ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తోంది, తల ఎత్తలేదు. ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. జీపు వెళ్ళిన చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది.

ఆ తర్వాతే అసలు కష్టం మొదలైంది. లేచి తిరిగితే బాగుండేది. తిరగడానికి లేదు. లారీ వచ్చి ఉంటుంది. గుడ్డలు భుజాల మీద వేసుకుని ఉంటారు. మూడు బిళ్ళలైతే టైంకీపరు మనిషినివ్వాలి. ఇవ్వకపోతే? బావ మొండివాడు, పని ఆగితే తట్టుకోలేడు, ముగ్గురితోనే హైలెస్సా అనేస్తాడేమో. బావకి ఆ చెయ్యి లేవడం లేదు. తను చేసిందేమిటి, ఇంట్లో దిండ్ల మీద పడుకుని పెద్ద మాటలు చెప్పాడు. రెండుసార్లు లేవబోయాడు. రెండుసార్లూ భార్య కళ్ళతోనే పడుకోబెట్టింది.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. మళ్ళీ జీపు చప్పుడు. ఈసారి హారను కొట్టలేదు, డ్రైవరు దిగి నడిచి వచ్చాడు. బొంగరం తల తిప్పి చూశాడు. బలవంతంగా ఎక్కించుకుపోతారనుకున్నాడు, లేదా అంతకన్నా చెడ్డ కబురు అనుకున్నాడు. తలగడ కింద బిళ్ళను గుప్పిట్లో పట్టుకున్నాడు.

డ్రైవరు గుమ్మంలోనే నిలబడి భార్యతో మాట్లాడాడు.

"బదిలీ మనిషి ఇల్లు ఈ వెనకేనంటగా అమ్మా? పొద్దున గేటు దగ్గర నిలబడి, ఎవరూ పిలవకపోతే వెళ్ళిపోయాడు. వెంటనే తీసుకురమ్మన్నారు."

"ఎవరు?" అన్నాడు మంచం మీంచి బొంగరం.

డ్రైవరు లోపలికి తొంగి చూశాడు. వాడికి చెప్పాలనే ఉంది. దూలాల లారీ వచ్చి గంటైందట, దింపేవాడు లేడట. లారీవాడు గోల, లోపల గనివాళ్ళు గోల. టైంకీపరు వచ్చి అరిచాడు, ఆఫీసరు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. నాలుగోవాడొస్తే గానీ దూలాన్ని ముట్టుకోనన్నాడట మేస్త్రి. గేటు బోర్డు మీద అంకె కూడా తుడిచేశారట. మధ్యాహ్నం జీపు మళ్ళీ ఇక్కడికే వస్తుంది, పెద్దాసుపత్రికి తయారుగా ఉండమన్నారు.

"బావేం చేస్తున్నాడు?"

"కూర్చున్నాడు," అన్నాడు డ్రైవరు. తనకే నమ్మకం కలగనట్టు ఒక క్షణం ఆగాడు. "స్టోరులో. ఆ మెత్త ఉన్న కుర్చీలో. స్టోరమ్మ బోల్టుల డబ్బా ఇస్తే వద్దన్నాడు. ఊరికే కూర్చున్నాడు."

బొంగరం దుప్పటి తోసి లేవబోయాడు. బదిలీ మనిషి ఇల్లు తనకి బాగా తెలుసు, రెండు సందులు తిరగాలి, డ్రైవరుకి చెబితే అర్థం కాదు.

"నువ్వు లేవకు," అంది భార్య. "నేను చూపిస్తాను."

ఆవిడ చెప్పులు వేసుకుంది. వెళ్తూ వెళ్తూ జారిపోయిన దిండు సరిచేసి, ఆ చేతిని మళ్ళీ దాని మీద పెట్టింది. జీపు వెనక సందులోకి తిరిగింది. ఇంట్లో ఎవరూ లేరు. దుప్పటి కింద పాదాలు ఇంకాసేపు ఊగి, మెల్లగా ఆగాయి.